సీసాడు నీళ్లతో సూర్యుడి శక్తిని కొలవడం

సూర్యుడు ప్రతి సెకనూ లక్షల టన్నుల ద్రవ్యరాశిని శక్తిగా మార్చేస్తాడని చదివి పేజీ తిప్పేయడం నాకు నచ్చదు. ఆ అంకెను ఎవరికి వారు లెక్క కట్టి రాబట్టాలి. నా విద్యార్థులందరి చేతా ఈ ప్రయోగం చేయించేది అందుకే.

చదునైన పక్కలున్న గాజు సీసాలో 200 గ్రాముల నీళ్లు పోసి, బాగా నల్లబడేదాకా సిరా కలపండి. బిరడాలో రంధ్రం చేసి థర్మామీటరు దించండి. వెనక, పక్కల థర్మోకోల్ కట్టండి. నీళ్లు చుట్టూ ఉన్న గాలి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. ఇది తప్పనిసరి: మొదట గాలి నుంచి వచ్చే వేడీ, చివర గాలిలోకి పోయే వేడీ దాదాపు సరిపోతాయి.

సీసా ముఖాన్ని సూర్యుడికి ఎదురుగా నిలపాలి. సూర్యుణ్ణి చూడనే చూడవద్దు. సీసా ముఖానికి నిటారుగా ఒక పెన్సిలు పట్టుకుని, దాని నీడ మాయమయ్యేదాకా సీసాను వంచితే చాలు. నీడలో ఉష్ణోగ్రత రాసుకుని, ఎండలో 10 నిమిషాలు ఉంచి మళ్లీ చూడండి.

5 డిగ్రీలు పెరిగిందనుకుందాం. ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 జౌళ్ల శక్తి కావాలి కాబట్టి, 200ను 4.2తో, 5తో గుణిస్తే 4200 జౌళ్లు. 600 సెకన్లతో భాగిస్తే 7 వాట్లు. ఎండ పడిన ముఖం 100 చదరపు సెంటీమీటర్లయితే, చదరపు మీటరుకు 700 వాట్లు. 1838లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లోద్ పూయే కూడా నల్లటి పాత్రలోని నీళ్లతోనే ఈ పని చేశాడు.

ఇక్కడితో ఆపకండి, అసలు సంగతి ముందుంది. సూర్యుడి చుట్టూ, భూమి ఉన్నంత దూరంలో, అంటే 15 కోట్ల కిలోమీటర్ల వ్యాసార్థంతో ఒక గోళాన్ని ఊహించండి. దాని వైశాల్యం, 28 పక్కన 22 సున్నాలు పెట్టినన్ని చదరపు మీటర్లు. దాన్ని 700తో గుణిస్తే సూర్యుడు సెకనుకు వెదజల్లే మొత్తం శక్తి వస్తుంది. ద్రవ్యరాశిని కాంతి వేగపు వర్గంతో గుణిస్తే శక్తి కాబట్టి (E = mc²), ఈ శక్తిని కాంతి వేగపు వర్గంతో భాగిస్తే సెకనుకు దాదాపు 22 లక్షల టన్నులు వస్తుంది. గాలీ గాజూ కొంత ఎండను ఆపేశాయి కాబట్టి ఇది తక్కువ. వాతావరణం పైన ఉపగ్రహాలు కొలిచిన 1361 వాట్లతో చేస్తే సుమారు 42 లక్షల టన్నులు.

ఆ ద్రవ్యరాశి పోయేది సూర్యుడి నడిబొడ్డున, కోటిన్నర డిగ్రీల వేడిలో. నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి ఒక హీలియం కేంద్రకం అయ్యేటప్పుడు 0.7 శాతం ద్రవ్యరాశి తగ్గి శక్తి అవుతుంది. పచ్చని ఆకు చక్కెరగా దాచుకునేది ఆ శక్తిలో అతి స్వల్ప భాగాన్ని. మన తిండి అంతా దాదాపు అందులోంచే.

తర్వాత ఉదయం పూట, సీసాను సూర్యుడి వైపు వంచకుండా నేల మీద పడుకోబెట్టి కొలవండి. అంకె బాగా పడిపోతుంది. ఏటవాలు ఎండ ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది, ఎక్కువ గాలిని దాటి వస్తుంది. చలికాలంలో ఎండ చురుక్కుమనకపోవడానికీ కారణం అదే.