వన్‌డ్రైవ్ పర్సనల్ వాల్ట్‌లో ఫైళ్లకు పేర్లు పెట్టే పద్ధతి

వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్) పర్సనల్ వాల్ట్, అంటే అదనపు లాక్ ఉన్న ఫోల్డర్, వాడేవాళ్లు ముందుగా ఫైళ్ల పేర్ల సంగతి చూసుకోండి. ఫోన్‌లో 3 నిమిషాలు, వెబ్‌లో 20 నిమిషాలు కదలిక లేకపోతే వాల్ట్ మళ్లీ లాక్ అయిపోతుంది. 'స్కాన్0047' లాంటి పేర్లున్న ఫైళ్లను ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ కూర్చుంటే టెన్షనే.

మా ఇంట్లో మనిషి పేరు, కాగితం, గడువు తేదీ ఈ వరసలో రాస్తాం: 'అమ్మ-పాస్‌పోర్ట్-2031-08'. అమ్మవన్నీ ఒకచోటే కనిపిస్తాయి. రెన్యువల్ ఎప్పుడో తెరవకుండానే తెలిసిపోతుంది.

ఉచిత ఖాతాలో వాల్ట్‌లో 3 ఫైళ్లే పడతాయి. అందుకే ఒక్కొక్కరి ఆధార్, పాన్, పాస్‌పోర్ట్ కలిపి ఒకే పీడీఎఫ్ చేయండి. పొలం పాస్‌బుక్, దస్తావేజులు ఇంకొక పీడీఎఫ్.

ఇంకో మాట. వాల్ట్‌లో ఉన్న ఫైల్‌ను షేర్ చేయడం కుదరదు. బ్యాంకుకో ఏజెంటుకో పంపడానికి కాపీ బయటికి తీస్తే, పని అయిన వెంటనే దాన్ని తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. లేకపోతే ఆ కాపీ 30 రోజులు అక్కడే పడి ఉంటుంది, లాక్ లేకుండా.