ఘాటీ ఎక్కే ముందు ఇంటికి టైమ్ చెప్పండి

వానలు పట్టాక ఒడిశాలోని జయపురం నుంచి సుంకి మీదుగా సాలూరుకో, మల్కనగిరి, మోటు దాటి చింతూరుకో బండి మీద వెళ్లేవాళ్లు ఒక సంగతి ముందే అనుకుని బయల్దేరాలి. దారిలో ఫోన్ కలవని చోట్లు ఉంటాయి. ఘాటీలో, అంటే కొండ మలుపుల దారిలో, కొండ అడ్డొస్తే సిగ్నల్ పోతుంది. కరెంటు పోయి టవర్ బ్యాటరీలు కూడా అయిపోతే ఊళ్లో ఉన్నా ఫోన్ మోగదు.

అందుకే ఏ ఫోన్ ఉంది, ఏ సిమ్ ఉంది అన్నదానికంటే ఇంట్లో ఏం చెప్పి వెళ్తున్నారన్నదే ముఖ్యమని నా నమ్మకం. "చేరాక చేస్తాలే" అంటే చాలదు. "అమ్మా, బొయిపరిగుడలో ఆగి ఫోన్ చేస్తా. తర్వాత గోవిందపల్లి ఘాటీ, కలవదు. మల్కనగిరి చేరి పదకొండుకల్లా చేస్తా. పన్నెండున్నరకీ రాకపోతే అక్కడున్న బావకి చెయ్యి" అని విడమర్చి చెప్పండి. పంక్చర్‌కీ, వానకి ఆగడానికీ సరిపడా గడువు పెట్టండి. చెప్పిన టైమ్ దగ్గరపడితే, ఇంకో పది కిలోమీటర్లు పోయాక చూద్దామనుకోకుండా సిగ్నల్ ఉన్నచోటే ఆగి చేయండి. అక్కడ ఒక ప్రాణం ఎదురుచూస్తోంది.

ఇంకోటి. ఇంట్లోవాళ్లు విజయనగరంలో ఉండి ఎమర్జెన్సీ నంబర్ 112 కొడితే ఆ కాల్ ఆంధ్రా కంట్రోల్ రూమ్‌కే వెళ్తుంది. మీరుండేది ఒడిశాలో. దారిలోని పోలీస్ స్టేషన్ల నంబర్లు వాళ్లకు రాసిచ్చి వెళ్లండి. మీ ఫోన్లో మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా 112 కొట్టి చూడండి. వేరే కంపెనీ టవర్ అందితే దాని మీదే వెళ్తుంది.

వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎనిమిది గంటల దాకా పెట్టొచ్చు. కానీ డేటా పోగానే చుక్క ఘాటీలోనే ఆగిపోయి కనిపిస్తుంది, చూసేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఆ మాట ముందే చెప్పాలి.

రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి. కొండ లోపలి ఊళ్ల వైపు వెళ్తే ఒకటి బీఎస్ఎన్ఎల్ ఉండటం మంచిది. సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోన్ ఛార్జింగ్ తినేస్తుంది కాబట్టి సిగ్నల్ లేని చోట ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుంటే జీపీఎస్ అప్పుడూ దారి చూపిస్తుంది. సిగ్నల్ ఒక్క గీతే ఉంటే కాల్ కంటే మామూలు మెసేజ్ వెళ్లే అవకాశం ఎక్కువ. తడిసిన ఫోన్‌కి బండి మీద ఛార్జర్ గుచ్చకండి. హ్యాండిల్‌కి ఫోన్ బిగిస్తే ఇంజిన్ అదురుకి కెమెరా పాడవ్వొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. శాటిలైట్ ఫోన్ కొందామనుకుంటే ఆగండి, మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నేరం.

చివరిగా, ఒక కాగితం మీద పేరు, బ్లడ్ గ్రూప్, ఇంటి నంబరు రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకోండి. తెలుగుతో పాటు ఒడియాలోనూ రాయించండి. పడిపోయిన మనిషి దగ్గర ముందుగా ఆగేది ఏ ఒడియా లారీ డ్రైవరో కావచ్చు.