ఇల్లు కట్టేటప్పుడు ఫుట్‌పాత్ పాడైతే: లక్షణం, కారణం, మరమ్మతు

ఫుట్‌పాత్ పాడైందని ఎవరు పిలిచినా నేను ముందు అడిగేది ఒకటే: పని మొదలుకాక ముందు తీసిన ఫొటోలు ఉన్నాయా? దాదాపు ఎవరి దగ్గరా ఉండవు. మొదటి ఇసుక లోడు దిగకముందే కర్బ్ రాళ్లు (ఫుట్‌పాత్ అంచు రాళ్లు), టైల్స్, మ్యాన్‌హోల్ మూత మీ స్థలంతో సహా కనబడేలా ఫొటోలు తీసిపెట్టుకోండి. లేదంటే పాత పగుళ్లు కూడా మీ ఖాతాలోనే పడతాయి.

'కాంట్రాక్టర్‌కి అప్పజెప్పాం, ఆయనే చూసుకుంటాడు' అని ఊరుకోవద్దు. ప్లాన్ అనుమతి యజమాని పేరున ఉంటుంది, ఫుట్‌పాత్ పాడైతే కార్పొరేషన్ నోటీసూ ఆ పేరుకే వస్తుంది. కాంట్రాక్టర్‌తో ఖర్చు పెట్టించాలంటే అగ్రిమెంటులో ఫుట్‌పాత్ గురించి ఒక్క లైనైనా ఉండాలి.

కర్బ్ రాళ్లు ఒరిగాయి, అంచు టైల్స్ పగిలాయి

బండి ఎక్కింది, అంతే. ఆరు క్యూబిక్ మీటర్ల కాంక్రీటుతో వచ్చే రెడీమిక్స్ లారీ దాదాపు 25 టన్నులు తూగుతుంది. 60 మి.మీ. పేవర్ టైల్స్ మనుషులు నడవడానికి వేసినవి. లారీని రోడ్డు మీదే ఆపి కాంక్రీటు పంపు పెట్టించండి. ఎక్కక తప్పని బండికి ఇనుప ప్లేట్లు పరచండి. ఒరిగిన రాయికి పక్కన సిమెంటు పూస్తే నిలవదు. తీసి, కింద కాంక్రీటు బెడ్ వేసి మళ్లీ కూర్చోబెట్టాలి.

టైల్ పగల్లేదు, కుంగింది

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. గృహప్రవేశం అయ్యాక, వానలు పడ్డాక బయటపడుతుంది. గేటు దగ్గర మూరెడు వెడల్పున పల్లం పడి, నీళ్లు నిలుస్తాయి. టైల్స్ నాసిరకమని మార్పిస్తారు. మరుసటి వానకు అక్కడే మళ్లీ కుంగుతుంది. పెద్దవాళ్లు కాలు మడతపడి పడేదీ అక్కడే.

కుంగిన చార ఎటు పోతోందో చూడండి. మీ నీళ్ల పైపో, డ్రైనేజీ పైపో పోయిన దారే అది. పైపు వేశాక తవ్విన మట్టినే ఒకేసారి లోపలికి నెట్టి, పైన ఇసుక చల్లి టైల్స్ పరిచేస్తారు. ఆ రోజుకు చదునుగానే కనబడుతుంది. నీరు దిగాక లోపలి వదులు మట్టి అణిగిపోతుంది, నల్లరేగడైతే మరీను. అప్పటికి మేస్త్రీ ఫైనల్ బిల్లు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

నాలుగు టైల్స్ ఎత్తి, పైపుకు పక్కగా ఇనుప కడ్డీ చేత్తో గుచ్చండి. జానెడు సులువుగా దిగితే కారణం దొరికినట్టే. ఎండాకాలంలోనూ మట్టి తడిగా ఉంటే పైపు జాయింటు కారుతోంది, ముందు అది ఆపండి. తర్వాత పైపు దాకా మట్టి తీసి, చుట్టూ ఇసుక నింపి, ఆపైన మొరం 150 మి.మీ. పొరలుగా పోస్తూ ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టించండి. కంకర బేస్, పల్చగా ఇసుక, చివర టైల్స్.

ఫుట్‌పాత్ తవ్వడానికి కార్పొరేషన్ రోడ్ కటింగ్ అనుమతి కావాలి. పూడ్చే పని ఎవరిదో అందులో చదవండి. పునరుద్ధరణ (తిరిగి బాగుచేసే) చార్జీలు కార్పొరేషన్‌కు కట్టి ఉంటే రసీదు చూపించి అడగండి. పూడ్చేది మీ మనిషే అయితే, కొంత డబ్బు ఒక వానాకాలం దాటేదాకా ఆపుతామని ముందే రాయించుకోండి.

మిగతావి

ఫుట్‌పాత్ మొత్తం సెల్లార్ గోతి వైపు వాలితే టైల్స్ ముట్టుకోవద్దు. తవ్వకం ఆపి, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. చెట్ల వేర్లు, పందికొక్కుల బొరియలు కారణమైతే, అవి మీ పనితో సంబంధం లేనివి కాబట్టి పాత ఫొటో జతచేసి వార్డు ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.