అంబాసిడర్ అద్దాల పని – 3వ పాఠం: ముందు అద్దం తీసి మళ్ళీ కూర్చోబెట్టడం

పోయిన పాఠంలో వైపర్ చేతులు, సన్ వైజర్లు విప్పి పక్కన పెట్టుకున్నాం. ఈ రోజు అద్దం దగ్గరికే వెళ్దాం. ఈ పని ఒక్కరే చేయొద్దు, బయట ఒకరు, లోపల ఒకరు ఉండాలి.

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఈ బండికి ముందు అద్దాన్ని పట్టుకునే స్క్రూ గానీ బోల్టు గానీ ఏదీ లేదు. ఇప్పటి కార్లలోలాగా జిగురుతో అతికించిందీ కాదు. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఈ బండి తయారుచేసింది. అద్దం కూర్చునే తీరు కూడా ఆ కాలందే. చుట్టూ ఒక రబ్బరు బీడింగు, దానికి రెండు గాళ్ళు ఉంటాయి. ఒక గాడిలో అద్దం అంచు, రెండో గాడిలో బాడీ రేకు అంచు కూర్చుంటాయి. అంటే అద్దాన్ని పట్టుకున్నది రబ్బరు, రబ్బరును పట్టుకున్నది రేకు. పని చెడితే ఈ రెండింటి దగ్గరే చెడుతుంది, అద్దం దగ్గర కాదు.

తీయడం త్వరగా చెప్పేస్తాను. బీడింగు గట్టిపడి, గోరుతో నొక్కితే పగుళ్ళు కనిపిస్తుంటే దాని మీద ఆశ వదులుకోండి. బయటి పెదవిని (గాడికి బయటి వైపున్న రబ్బరు అంచుని) బ్లేడుతో చుట్టూ కోసేస్తే అద్దం తేలిగ్గా వచ్చేస్తుంది. కొత్త బీడింగు ఖర్చు అద్దం ఖర్చు కంటే తక్కువే. రబ్బరు ఇంకా మెత్తగా ఉంటే లోపలి పెదవిని చెక్క గరిటె కాడతో పై మూల నుంచి రేకు మీదుగా తప్పిస్తూ రండి. లోపలి మనిషి రెండు అరచేతులూ వెడల్పుగా ఆనించి మెల్లగా బయటికి నెట్టాలి, బయటి మనిషి పట్టుకోవాలి. స్క్రూడ్రైవర్ మాత్రం అద్దం అంచుకి తగలనివ్వకండి. టఫెన్డ్ అద్దం, అంటే వేడి చేసి గట్టిపరిచింది, మధ్యలో దెబ్బ తట్టుకుంటుంది గానీ అంచు మీద చిన్న పోటు పడితే మొత్తం పలుకులు పలుకులుగా రాలిపోతుంది. లామినేటెడ్ (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది) అయితే రాలదు, అంచు నుంచి ఒక చీలిక పాకుతుంది. మీది ఏ రకమో అద్దం మూలనున్న ముద్ర చూస్తే సాధారణంగా తెలుస్తుంది.

అద్దం బయటికి వచ్చాక దాన్ని దుప్పటి మీద పెట్టి, రేకు అంచు చూడండి. ఈ పాఠంలో నేను మీ చేత శ్రద్ధగా చేయించాలనుకున్నది ఇదే. మా నాన్నగారి బండిలో వానపడితే డ్రైవరు కాళ్ళ కింద మ్యాటు తడిసేది. మూడేళ్ళపాటు ప్రతి వానాకాలం ముందు బీడింగు మీద బయటి నుంచి సీలెంటు (సందుల్లో నీళ్ళు దిగకుండా పూసే ముద్ద) పూసుకుంటూ వచ్చాను. చివరికి అద్దం తీస్తే కింది ఎడమ మూలలో పెయింటు బొబ్బలా లేచి ఉంది. బొటనవేలితో నొక్కితే తుప్పు అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చింది. దాని కింద పెన్సిలు దూరేంత రంధ్రం. బయట నేను పూసిన సీలెంటు లోపలికి దిగిన నీళ్ళను బయటికి పోనివ్వకుండా అక్కడే నిలబెట్టింది. ఆ మూల కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది.

కాబట్టి కింది రెండు మూలలనూ వైరు బ్రష్‌తో మెరిసే రేకు కనిపించేదాకా గీకండి. రంధ్రం ఉంటే లప్పంతో పూడ్చొద్దు, వెల్డింగే చేయించండి. తర్వాత ప్రైమరు, పెయింటు వేసి పూర్తిగా ఆరనివ్వండి. పచ్చి పెయింటు మీద రబ్బరు జరిగితే పొరగా ఊడివస్తుంది.

ఇక కూర్చోబెట్టడం. కొత్త బీడింగును కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. ముందు దాన్ని అద్దానికే చుట్టూ తొడగండి. తర్వాత రేకు కూర్చునే గాడిలోకి 4 మిల్లీమీటర్ల నైలాన్ తాడు చుట్టూ దూర్చండి. తాడు రెండు కొసలూ కింది అంచు మధ్యలో ఒకదాన్నొకటి దాటి, జానెడు చొప్పున కారు లోపలికి వేలాడాలి. గాడికీ రేకు అంచుకీ సబ్బు నీళ్ళు బాగా రాయండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

అద్దాన్ని బయటి నుంచి కిటికీలో పెట్టి, అటూ ఇటూ ఖాళీ సమానంగా ఉందో లేదో చూడండి. బయటి మనిషి కింద మధ్యలో అరచేత్తో నొక్కి పట్టుకోవాలి. లోపలి మనిషి ఒక కొసను అద్దం మధ్య వైపుకి మెల్లగా లాగాలి. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి రేకు మీదుగా దొర్లి లోపలికి పడుతుంది. తాడు ఎక్కడుంటే బయటి చెయ్యి అక్కడే నొక్కుతూ కదలాలి. ముందు కింది అంచు, తర్వాత రెండు పక్కలు, చివరికి పైన. మూలల్లో తాడు బిగుసుకుంటుంది, అక్కడ టెన్షన్ పడి గట్టిగా గుంజకండి, పెదవి చిరుగుతుంది. ఆగి, ఇంకొంచెం సబ్బు నీళ్ళు పోసి, బయటి నుంచి అరచేత్తో నాలుగు సార్లు తట్టితే కదులుతుంది.

అంతా కూర్చున్నాక బయటి పెదవి కింద గట్టిపడని రకం సీలెంటు సన్నగా ఎక్కించండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడొద్దు, అది రేకుకి తుప్పు తెస్తుంది.

చివరగా నీళ్ళ పరీక్ష. పైపు ధార కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తీసుకెళ్ళండి. పై నుంచి పోస్తే నీళ్ళన్నీ కిందికే జారి, ఎక్కడ కారుతోందో తెలియదు. లోపలి మనిషి టార్చి పట్టుకుని, డాష్‌బోర్డు మూలల్లో పొడి టిష్యూ కాగితం ఆనించి చూడాలి. కాగితం తడిస్తే ఆ చోటు సుద్దతో గుర్తు పెట్టుకోండి, ఆరాక అక్కడొక్కచోటే పెదవి ఎత్తి మళ్ళీ సీలెంటు ఎక్కించండి.

వచ్చే పాఠంలో డోర్ గ్లాసు, దాన్ని ఎత్తి దించే మిషను. అప్పటిదాకా తలుపు లోపలి అట్ట విప్పకండి, దాని క్లిప్పులు ఎలా తీయాలో చెప్పాల్సింది ఉంది.