సాక్షి బోను ఎక్కే ముందు

అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేతికి రాగానే, కోర్టులో నిపుణ సాక్షిగా రమ్మని ఏ లాయరూ పిలవడు. నేను ఏడేళ్లు వేరేవాళ్ల నివేదికలకు లెక్కలు కట్టాను. మీరూ ఏదైనా ఎకనామిక్ కన్సల్టింగ్ సంస్థలో అలాగే మొదలుపెట్టండి.

అమెరికాలో కంపెనీల విలీనం కేసు వస్తే ముందు తేల్చాల్సింది మార్కెట్ హద్దు, అంటే ఒకదానితో ఒకటి పోటీపడే సరుకులేవన్నది. ఆ సరుకంతా ఒక్కరి చేతిలోనే ఉందనుకోండి. ధర 5 శాతం పెంచితే ఆ ఒక్కరికీ లాభమేనా? కొనేవాళ్లు జారిపోయి నష్టమే వస్తే, మీరు గీసిన హద్దు ఇరుకు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ధర ముందే గుత్తాధిపత్యంతో పెరిగి ఉంటే ఇంకాస్త పెంచగానే ఎవరైనా జారుకుంటారు కదా! అది చూసి హద్దు ఇరుకనుకుంటే తప్పే. సెలోఫేన్ తయారుచేసే డ్యుపాంట్ కంపెనీపై 1956 నాటి కేసు వల్ల దీనికి ‘సెలోఫేన్ పొరపాటు’ అని పేరొచ్చింది.

తర్వాత ఒక్కో కంపెనీ మార్కెట్ వాటా శాతాన్ని దానితోనే గుణించి, అన్నీ కూడండి. మార్కెట్ ఎంత కొద్దిమంది చేతుల్లో ఉందో చెప్పే సూచీ అదే. 40, 30, 20, 10 అయితే 3000. చివరి రెండూ కలిస్తే 3400. అమెరికా ప్రభుత్వ 2023 విలీన మార్గదర్శకాల్లో 1800 దాటిన సూచీ, 100 మించిన పెరుగుదల ఉంటే చాలు, విలీనం పోటీకి చేటేనన్న భావనతో మొదలుపెడతారు. సూచీ ఒక్కటే పట్టుకుని మాత్రం వెళ్లకండి. 1997లో ఆఫీసు సామాన్ల దుకాణ సంస్థలు స్టేపుల్స్, ఆఫీస్ డిపోల విలీనం కేసులో పోటీ దుకాణం లేని ఊళ్లలో ధరలు ఎక్కువన్న పోలికే జడ్జికి బాగా ఎక్కింది.

పద్ధతి నిలవకపోతే, అమెరికా సుప్రీంకోర్టు 1993 డాబర్ట్ తీర్పు ప్రకారం మీ సాక్ష్యాన్నే పక్కన పెట్టొచ్చు. అందుకే ప్రతి కోడ్ ఫైలూ దాచండి.

మీ పాత వ్యాసాలు మళ్లీ చదువుకోండి. నా తొలి డిపోజిషన్‌లో, అంటే కోర్టు విచారణకు ముందు ప్రమాణం చేయించి ప్రశ్నలడిగేచోట, ఎదుటి లాయరు నా పాత వ్యాసంలోని వాక్యమే నాకు చదివి వినిపించాడు. నోట మాట రాలేదు.

ఫీజు గంటల లెక్కనే తీసుకోండి, గెలుపుతో ముడిపెట్టకండి.