బిల్డింగులో వికలాంగులకు పనికొచ్చే ర్యాంపు కట్టించడం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాల్లో కొత్తగా లేస్తున్న ఆసుపత్రులు, బ్యాంకులు, ఫంక్షన్ హాళ్ల ముందు ర్యాంపు అనే పేరుతో కనిపించే కట్టడాల్లో చాలావరకు మోటారు సైకిల్ ఎక్కించడానికే తప్ప చక్రాల కుర్చీకి పనికిరావు. ఖర్చు పెట్టీ, స్థలం పోగొట్టుకునీ, చివరికి లోపలికి రావలసిన మనిషిని నలుగురు పట్టి మోయాల్సిన స్థితి మిగలడం నాకు సహించరానిదిగా ఉంటుంది. అందువల్ల ఈ పని ఏ క్రమంలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం, సౌలభ్య నియమాలకు, అంటే వికలాంగులు ఇబ్బంది లేకుండా వచ్చిపోయేలా కట్టాలనే నియమాలకు, అనుగుణంగా ప్లాను లేని సంస్థకు నిర్మాణ అనుమతి గానీ, పూర్తయినట్టు ధ్రువపత్రం గానీ ఇవ్వకూడదు. ఇది సర్కారు ఆఫీసులకే కాదు, జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలకూ వర్తిస్తుంది. నియమాల ఉల్లంఘనకు మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారీ 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా 89వ సెక్షన్‌లో ఉంది. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు కేవలం సూచనలుగా మిగిలిపోకూడదనీ, తప్పనిసరి నియమాలను విడిగా ప్రకటించాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. కాబట్టి తరువాత చూసుకుందామనే మాటకు ఇక చోటు లేదు.

కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు. టేపు, నీళ్ల లెవెల్ పైపు, రసమట్టం (స్పిరిట్ లెవెల్), నాలుగడుగుల అల్యూమినియం పట్టీ ఉంటే చాలు.

ఇక అసలు పని వాలు. అందరూ తప్పు చేసేది ఇక్కడే గనుక దీన్ని నిదానంగా చదవాలి. ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం పన్నెండు అడుగుల పొడవు కావాలన్నది ప్రమాణం. మన దగ్గర రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుందన్న భయంతో బేస్‌మెంటు మూడడుగులు లేపుతారు. మూడడుగులకు ముప్పై ఆరడుగుల వాలు కావాలి. మేస్త్రీ మాత్రం మెట్ల పక్కన మిగిలిన ఎనిమిది అడుగుల్లో ర్యాంపు దింపేస్తాడు. అంత నిటారు వాలు మీద కుర్చీని సొంతంగా తోసుకుంటూ ఎక్కడం సాధ్యం కాదు. పైకి తోస్తుంటే ముందు చక్రాలు లేచి మనిషి వెనక్కి పడే ప్రమాదం ఉంది, దిగేటప్పుడు ఆపడం వెనక పట్టుకున్నవారి తరం కూడా కాదు.

ముప్పై ఆరడుగులు ఒకే వరుసలో దొరకకపోతే మధ్యలో మలుపు తిప్పాలి. పద్దెనిమిది అడుగులు ఎక్కాక ఐదడుగుల సమతలం, అక్కడ తిరిగి మళ్లీ పద్దెనిమిది అడుగులు. కింద, పైన కూడా ఐదడుగుల చదును ఉండాలి. అంటే ఇరవై ఎనిమిది అడుగుల పొడవు, సుమారు పదడుగుల వెడల్పు స్థలం పునాది గీతలు గీసే రోజే వదిలిపెట్టాలి. స్థలం మిగులుతుందేమో తరువాత చూద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు. ఒకే వరుసలో కట్టినా తొమ్మిది మీటర్లకు (సుమారు ముప్పై అడుగులకు) మించి మధ్యలో చదును లేకుండా వాలు వేయకూడదు. నన్నడిగితే బేస్‌మెంటునే అడుగున్నరకు తగ్గించి, వాననీటికి మోరీ సరిగ్గా కట్టించడం అన్నిటికన్నా మేలు. విడిగా తెచ్చి వేసే ఇనుప రేకు ర్యాంపులను నేను ఒప్పుకోను. వాటిని తెచ్చి పరచడానికి వాచ్‌మన్ రావాలి, అతను రాకపోతే వచ్చిన మనిషి బయటే నిలబడాలి. వెనక గేటు నుంచి దారి ఇవ్వడం కూడా అంతే తప్పు.

ఎత్తు కొలిచేటప్పుడు టైల్స్ వేశాక వచ్చే నేల మట్టం నుంచి కొలవాలి, ఇప్పుడున్న కాంక్రీటు నుంచి కాదు. ఆ రెండంగుళాల తేడా వాలులో రెండడుగుల పొడవు అవుతుంది. కాంక్రీటు పోసే ముందు నీళ్ల పైపుతో ప్రతి నాలుగడుగులకూ గోడ మీద లెవెల్ గుర్తులు పెట్టించండి. పోశాక, గట్టిపడక ముందే, అల్యూమినియం పట్టీని వాలు మీద ఆనించి, దాని మీద రసమట్టం ఉంచి, కింది కొసను లేపి మట్టం చేయండి. ఆ కొస కింద ఖాళీ నాలుగంగుళాలు మించితే అక్కడ వాలు ఎక్కువైనట్టే. మొత్తం లెక్క సరిపోయినా మధ్యలో పొట్ట ఉబ్బడం, పై కొసన నిటారుగా లేవడం మామూలుగా జరుగుతుంది గనుక, ఈ పరీక్ష రెండు కొసల దగ్గరా, మధ్యలోనూ చేయాలి. పనివాళ్లు విసుక్కుంటారు; అయినా వదలకండి.

పై పూతకు నున్నని తాండూరు బండలు, మెరిసే టైల్స్ వాడకూడదు, వానపడితే జారుతాయి. చీపురుతో అడ్డంగా గీతలు లాగిన గరుకు సిమెంటు పూత తప్ప మరేదీ నేను వేయనివ్వను. వెడల్పు నాలుగడుగులు తగ్గకూడదు. అంచున మూడంగుళాల గట్టు కట్టాలి.

రెండు వైపులా కడ్డీలు, 760, 900 మిల్లీమీటర్ల రెండు ఎత్తుల్లో వేయించాలి. కింది కడ్డీ ఎందుకని అడిగేవారికి ఒక్కటే చెబుతాను: నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి ఫ్లోరోసిస్‌తో (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బుతో) వెన్ను వంగిన పెద్దవాళ్లు జిల్లా కేంద్రానికి వస్తుంటారు, వారి చేతికి అందేది ఆ కడ్డీయే. కొసల్లో కడ్డీని ఒక అడుగు ముందుకు చాచి, కిందికి వంచి ముగించాలి.

తలుపు తొమ్మిది వందల మిల్లీమీటర్లు తెరుచుకోవాలి, గడప అర అంగుళం దాటకూడదు. టాయిలెట్ తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల ఐదడుగుల వలయం ఖాళీగా ఉండాలి, సీటు పక్కన పట్టుకునే కడ్డీ ఉండాలి. ఆ గదిలో చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు నింపి తాళం వేయకూడదు.

మేస్త్రీకి ఆఖరి బిల్లు ఇచ్చే ముందు, చక్రాల కుర్చీ రోజూ వాడే మనిషిని పిలిచి, ఎవరూ చేయి వేయకుండా రోడ్డు మీద నుంచి టాయిలెట్ దాకా వెళ్లి రమ్మనండి. ఆయన ఆగిన చోట సుద్దతో గుర్తు పెట్టి, అక్కడ సరిచేశాకే డబ్బు ఇవ్వండి.