కొండ అడవి మ్యాపులో ఎర్ర మచ్చలు: అడవి నిజంగా పోయిందా?

పాడేరు, అరకు కొండల్లో అడవి ఎంత తగ్గిందో చూద్దామని సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో ఎన్‌డీవీఐ (పచ్చదనాన్ని కొలిచే సూచి) రెండు తేదీల మధ్య ఎంత మారిందో లెక్కేస్తే, చాలాసార్లు మ్యాపు నిండా పచ్చదనం తగ్గినట్టు చూపే ఎర్ర మచ్చలొస్తాయి. వెంటనే ‘పోడు’ అని రాసేయకండి. ఆ ఒక్క మాటతో కొండ మీద బతికే కుటుంబాన్ని నిలదీసే ప్రమాదం ఉంది. ముందు ఇవి చూసుకోండి.

సమస్య: 2021తో పోలిస్తే 2022లో అడవంతా ఒక్కసారిగా పలచబడింది

మారింది చెట్లు కాదు, అంకెలు. 2022 జనవరి 25 నుంచి కొత్త పద్ధతిలో తయారవుతున్న డేటాలో ప్రతి బ్యాండు (ఉపగ్రహం విడిగా కొలిచే ఒక్కో రకం కాంతి) విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. దట్టమైన అడవిలో ఒక పిక్సెల్ తీసుకోండి. ఎరుపు 400, నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని పరారుణ కాంతి) 3000 అయితే, ఆ రెంటి తేడాను వాటి మొత్తంతో భాగించగా వచ్చే ఎన్‌డీవీఐ 0.76. అదే పిక్సెల్‌ను 1400, 4000గా చదివితే 0.48. ఒక్క ఆకూ రాలకుండానే అడవి బాగా పలచబడినట్టు కనిపిస్తుంది.

పరిష్కారం: కొత్త డేటాలోంచి ఆ 1000 తీసేశాకే లెక్కెయ్యండి. గూగుల్ ఎర్త్ ఇంజిన్ (ఉపగ్రహ చిత్రాలను ఆన్‌లైన్‌లోనే లెక్కగట్టే వేదిక) వాడేవాళ్లు పేరులో ‘హార్మనైజ్డ్’ ఉన్న చిత్రాల కలెక్షన్ తీసుకుంటే చాలు.

సమస్య: మచ్చలన్నీ ఒకే వైపు వాలుల మీద ఉన్నాయి

అది కొండ నీడ. ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతుంది. డిసెంబరులో ఆ వేళకు సూర్యుడు ఆగ్నేయ దిక్కున కాస్త కిందికి ఉంటాడు కాబట్టి వాయవ్యం వైపు నిటారు వాలులు నీడలో పడతాయి.

పరిష్కారం: ఏ ఏడాదిదైనా అదే నెల చిత్రంతో పోల్చండి. ప్రతి 30 మీటర్లకూ నేల ఎత్తు చెప్పే డేటాతో సి-కరెక్షన్ (వాలును బట్టి వెలుగు తేడాను సరిచేసే లెక్క) చెయ్యండి. పూర్తిగా నీడలో ఉన్న పిక్సెళ్లను మాత్రం లెక్కలోంచి తీసెయ్యడమే మేలు, అక్కడ సరిచెయ్యడానికి వెలుగే లేదు.

సమస్య: నల్లమలలో మార్చికల్లా అడవి మాయం

టేకు ఆకు రాల్చింది, అంతే. నవంబరును నవంబరుతోనే పోల్చండి.

సమస్య: వానాకాలమంతా మేఘాలే

సెంటినెల్-1 అనే మరో ఉపగ్రహంలోని రాడార్ మేఘాల్లోంచి చూస్తుంది. కాకపోతే నిటారు వాలులు అందులో మడతపడి కనిపిస్తాయి. అందుకని ఉపగ్రహం ఉత్తరానికి వెళ్లేటప్పుడూ దక్షిణానికి వెళ్లేటప్పుడూ తీసిన రెండు రకాల చిత్రాలూ చూడాలి.

సమస్య: అడవి మారినా మ్యాపు పచ్చగానే ఉంది

నాకు అన్నిటికంటే భయం దీంతోనే. సిల్వర్ ఓక్ నీడన పెంచే కాఫీ తోట ఎన్‌డీవీఐకి అడవిలాగే కనిపిస్తుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో కూడా హెక్టారుకు తగ్గకుండా, 10 శాతం లేదా అంతకు మించి చెట్ల కప్పు ఉంటే, ఆ నేల ఎవరిదైనా, అవి ఏ చెట్లైనా అడవే. దీనికి పిక్సెల్ దగ్గర పరిష్కారం లేదు. జీపీఎస్ పాయింట్లు పట్టుకుని కొండెక్కండి. ఆ చెట్లు ఎప్పుడు నాటారో, అంతకుముందు అక్కడేముండేదో ఊళ్లో పెద్దల్ని అడిగి రాసుకోండి.